చాటింపు పడ్డ వారం

నా పిత్తాశయం ఉన్నన్నాళ్ళూ నాతో చాలా నిక్కచ్చిగా ఉండేది. తినకూడనిది తింటే ఊరుకునేది కాదు. బజ్జీలు తిన్న సాయంత్రం, పెళ్ళిభోజనంలో నెయ్యి ఎక్కువైన మధ్యాహ్నం, ఓ గంటసేపు ఏమీ ఎరగనట్టు ఉండి, ఆ తర్వాత కుడి డొక్క కింద పట్టుకునేది. అక్కణ్ణుంచి వీపులోకి పాకి రెక్క కింద మేకు దిగినట్టు నిలబడిపోయేది. కూర్చుంటే పడుకోవాలనిపించేది, పడుకుంటే లేవాలనిపించేది. గోడ పట్టుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. వచ్చినట్టే పోయేది కూడా. పోయాక నాకు మనసు తేలికయ్యేది. తప్పు తిన్నాను, శిక్ష పడింది, ఇక చెల్లు అనుకుని మళ్ళీ వంటింటి వైపు నడిచేదాన్ని.

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఏటా బోర్డు మీద కాలేయం గీసి, దాని కింద చిన్న సంచీ ఒకటి వేలాడదీసి, ఆకుపచ్చ సుద్దముక్కతో రంగు నింపి, కొవ్వు అరగడానికి పనికొచ్చే పైత్యరసం ఇందులో నిలవుంటుందని చెప్పేదాన్ని. పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్ళు. ఆ సంచీయే నా కడుపులో ఉండి కేకలు పెడుతుంటే మాత్రం గ్యాస్ అనుకున్నాను. మా ఆయనా గ్యాసే అన్నాడు. స్టాఫ్ రూములో అందరూ గ్యాసే అన్నారు. మా వీధి మలుపులో నిమ్మకాయ సోడా అమ్మేవాడికి నేను ఇంత మంచి గిరాకీ ఎందుకయ్యానో పాపం వాడికీ తెలియదు.

స్కానింగ్ తీసిన డాక్టరమ్మ తెర వైపు చూసి, "ఇన్ని రాళ్ళు పెట్టుకుని ఎట్లా తిరుగుతున్నావమ్మా?" అంది. సంచీతో సహా తీసేయాల్సిందేనని, రాళ్ళు మాత్రం ఏరి సంచీ ఉంచడం కుదరదని చెప్పింది. అర్జెంటేమీ లేదు, నీకు వీలున్నప్పుడు రా, మరీ ఆలస్యం చేయొద్దు అంది.

రాళ్ళు అనే మాట కార్వేటినగరం దగ్గర మా ఊరికి చేరేసరికి మా అమ్మ వైద్యం మొదలుపెట్టేసింది. అరటిదవ్వ దంచి రసం తీసి, సీసాల్లో పోసి, తిరుపతికి వచ్చే ఎవరో ఒకరి చేత పంపేది. ఉలవలు ఉడకబెట్టిన కట్టు కూడా పంపేది. అవి కిడ్నీలో రాళ్ళకి మా, నావి వేరే చోట ఉన్నాయి అని ఫోన్లో చెప్పాను.

"రాయి యాడుంటే ఏం మే? రాయి రాయే గదా, కరగల్ల," అంది అమ్మ.

జువాలజీ చెప్పే నోటితోనే ఆ వగరు రసం తాగాను. రాళ్ళు కరగలేదు గానీ, నాకోసం ఒక మనిషి పొద్దున్నే అరటిబోదె నరికి దంచుతోందన్న సంగతి నాకు బాగుండేది. ఆ సుఖం నాకు కొంచెం ఎక్కువే అలవాటయిందని తర్వాత తెలిసింది.

ఆపరేషన్ వేసవి సెలవుల్లో పెట్టుకుందామనుకున్నాం. మే నెలలో ఒక శనివారం ఖాయం చేసుకుని అమ్మకు చెప్పాను.

"గంగమ్మ జాతర అయినాక పెట్టుకోరాదా పాపా? మన పెయ్యకు నెలలు నిండినాయి. జాతర వారంలో ఈనేట్టు ఉండాది."

ఆ పెయ్య సంగతి చెప్పాలి. దాని తల్లి మంచి సీమావు, పాము కరిచి పోయింది. తల్లి పోయిన పసిదూడకు అమ్మ సీసాతో పాలు పట్టి బతికించింది. అందుకే అది అమ్మ మనిషి. వేరే ఎవరు చెయ్యేసినా తంతుంది. మా నాయన మేత వేయడానికి పోయినా తల విసురుతుంది. ఇప్పుడది తొలిచూలు. అమ్మ ఆ ఏడంతా మాట్లాడితే ఆ పెయ్య గురించే. అది నీళ్ళు తాగిన సంగతి, నెమరు వేసిన సంగతి నాకు ఫోన్లో చెప్పేది.

"నాకంటే నీకు ఆ పెయ్యే ఎక్కువైందా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అమ్మా నవ్వింది. శుక్రవారం సాయంత్రానికి చేతిసంచీతో మా ఇంటి మెట్లెక్కింది. కాలేజీ తెరిచేలోపు పుండు ఆరాలన్నది నా సాకు. ఒక వారం వెనక్కి జరిపినా కాలేజీకి అందుకునేదాన్నే. డాక్టరమ్మ కూడా కాదనేది కాదు. అడగాలని నాకు తోచలేదు, అడగాలనిపించలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నిద్రపోయాను, లేచేసరికి కడుపు మీద నాలుగు చోట్ల చిన్న కట్లున్నాయి. రాళ్ళను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చారు. గోధుమరంగులో, కందిబేడలంత ఉన్నాయి. అమ్మ ఆ డబ్బా కిటికీ వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవేనా మే నిన్ను అంతగా ఏడిపిచ్చింది? బియ్యంలో వస్తే ఏరి పారేస్తాం, ఇంతే గదా."

కడుపు కంటే భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. లోపల కనబడటానికి కడుపులోకి గాలి నింపుతారట, అది కొంత మిగిలిపోయి భుజం దగ్గర పీకుతుందట. వారం దాకా ఉండొచ్చు, భయపడకండి, దానంతటదే పోతుంది అని డాక్టరమ్మ నాకు విడమరచి చెప్పింది. గ్యాస్ గ్యాస్ అని ఇన్నేళ్ళు అన్నందుకు ఆఖరికి నిజంగానే గ్యాస్ నొప్పి వచ్చిందని మా ఆయన నవ్వాడు. నవ్వితే కుట్లు లాగుతాయి, నన్ను నవ్వించొద్దు అన్నాను.

ఆదివారం ఇంటికొచ్చాం. మా అమ్మాయి హాస్టల్లో ఉంది, మా ఆయన డ్యూటీకి పోతాడు. ఇంట్లో నేనూ అమ్మా. నాకు నలభై దాటాయి. అయినా అమ్మ వేన్నీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడుస్తుంటే, తల చిక్కు తీసి జడ వేస్తుంటే, పెసరకట్టు కలిపిన అన్నం ముద్దలు చేసి పెడుతుంటే కళ్ళు మూసుకుని పడుకున్నాను. మా ఇంట్లో అందరికీ అన్నీ నేనే అందించాలి. నాకు అందించే మనిషి ఉండటం ఎప్పటి మాటో. లేచి మంచినీళ్ళు తెచ్చుకోగలిగినా, "అమ్మా, నీళ్ళు" అనేదాన్ని.

మంగళవారం మధ్యాహ్నం అమ్మ చేతిసంచీ సర్దుకుంది. ఆ సాయంత్రం గంగమ్మ జాతరకు చాటింపు. మా వైపు దానికో పట్టింపు ఉంది. చాటింపు పడిన రాత్రి తిరుపతిలో నిద్ర చేసినవాళ్ళు, జాతర ముగిసేదాకా రాత్రికి పొలిమేర దాటి ఎక్కడా పడుకోకూడదు. పగలు ఎక్కడ తిరిగినా, చీకటి పడేసరికి ఊళ్ళోకి వచ్చెయ్యాలి. రాకపోతే ఇంట్లోవాళ్ళకు మంచిది కాదంటారు. అందుకే అమ్మ డప్పులు మోగకముందే బస్సెక్కాలనుకుంది.

"ఇంకొక్క రోజు ఉండు మా. పెయ్యని నాయన చూసుకోడా?"

"మీ నాయన మామిడితోట కావిలికి పోతాడు. ఆయప్పను అది దగ్గరికి రానిస్తాదా? సాటింపు అయిపోతే నేను మళ్ళ కదిలేదానికి లేదు గదమ్మా."

కడుపు మీద చెయ్యి పెట్టుకుని గోడ వైపు తిరిగాను. నొప్పి లేదని కాదు, అంత లేదు. కాసేపటికి మంచం కిందికి సంచీ జరిపిన చప్పుడు వినబడింది. సాయంత్రం డప్పులు మా వీధిలోకి వచ్చినప్పుడు అమ్మ గడపలో నిలబడి దణ్ణం పెట్టుకుంది. నాకు హాయిగా నిద్ర పట్టింది.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, మా ఇంట్లో ఆ పట్టింపు ఎవరికీ లేదు. జాతర వారంలో మా ఆయన డ్యూటీ మీద చెన్నైలో ఎన్నిసార్లు పడుకున్నాడో. నేను క్లాసులో పిల్లలకు ఇలాంటివి నమ్మొద్దని చెప్పేదాన్ని. వేషాలు కట్టినవాళ్ళు వీధిలో పోతుంటే మేడ మీద నుంచి చూడటం నాకిష్టం, అంతే. బుధవారం మొదటి వేషం వాళ్ళు పోతుంటే అమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చూపించింది. దిష్టి పోతుందని నా మీద వేపమండ తిప్పింది. ఇద్దరం బాగా నవ్వుకున్నాం.

గురువారం పొద్దున నాయన ఫోన్ చేశాడు. పెయ్య మేత సరిగా ముట్టడం లేదట. అమ్మ చారు కాచి, అన్నం వండి, నాకు అందేలా పెట్టి, మొదటి బస్సుకు పోయింది. చీకటి పడకముందే వచ్చేస్తానంది. మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాను. తర్వాత భుజం పీకడం మొదలైంది. లేవబోతే కుట్టు దగ్గర చురుక్కుమంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నా మీద నాకే జాలి వేసింది, ఏడుపు కూడా వచ్చింది. మాత్ర పక్కనే ఉంది. వేసుకోకుండా ఫోన్ తీసుకున్నాను. నేను చేసేలోపే అమ్మ నుంచి వచ్చింది.

"పాపా, దీనికి పొదుగు బిగిసిపోయుండాది. తోక పక్కన గుంటలు పడినాయి. ఈ రాత్రికే ఈన్తాది మే. నేనీ రాత్రికి ఈడ్నే ఉంటా. గంగమ్మకు తప్పు ఒప్పుకోని ముడుపు కట్టినా."

వినండి, చిన్నప్పటి నుంచి ఆ పట్టింపు తప్పని మనిషి, ఆ ఒక్క రాత్రికి తప్పడానికి సిద్ధపడింది. అమ్మవారిని ఒప్పించుకున్నాక నన్ను అడిగింది.

నేను ఏమన్నానో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"సాటింపు అయినాక పొలిమేర అవతల నిద్ర చేస్తే ఇంట్లోవాళ్ళకు ఏమవుతుందో నువ్వే కదా చెప్తావు? నేను కోసిన కడుపుతో పడున్నాను. నాకేమన్నా అయితే?"

ఊళ్ళో కాకుల అరుపు ఫోన్లో వినబడుతోంది. పెయ్య ఒకసారి గట్టిగా ఊపిరి విడిచిన చప్పుడు కూడా విన్నాననుకుంటాను, లేదా తర్వాత నేనే కల్పించుకున్నానేమో.

"వస్తాలే పాపా," అంది అమ్మ.

ఫోన్ పెట్టేసి మాత్ర వేసుకున్నాను. అమ్మ వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. నేను టీవీ చూస్తున్నాను.

"నొప్పి ఎట్లుండాది?"

"తగ్గింది మా."

"తగ్గిందా, మంచిది," అని కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి పోయింది. చేతులకు ఇంకా పేడ వాసన ఉందేమోనని సబ్బుతో మళ్ళీ మళ్ళీ రుద్దుకోవడం కనిపించింది. ఆ రాత్రి నాయనకు ఏం చేయాలో ఫోన్లో చెప్పింది. గడ్డి పరచమంది, పక్కనే ఉండమంది, బెదిరించొద్దంది.

పొద్దున్నే నాయన ఫోన్. అమ్మ పొయ్యి దగ్గర ఉంటే నేను తీశాను. దూడ ముందరికాలు మడుచుకుని అడ్డం పడిందట. పెయ్య ఎవరినీ దగ్గరికి రానివ్వలేదట. పక్కింటివాళ్ళు తాళ్ళు వేసి పట్టుకోబోతే తెంపుకుని కొట్టం చుట్టూ తిరిగిందట. పశువుల డాక్టరు వచ్చి లాగేసరికి దూడలో ఊపిరి లేదు.

"పెయ్యదూడమ్మా," అన్నాడు నాయన. "మీ అమ్మ ఈడ ఉండుంటే..." అని ఆగిపోయి, "అమ్మకియ్యి," అన్నాడు.

అలా కాలు మడిచిన దూడల్ని అమ్మ లోపలికి చెయ్యి పోనిచ్చి సర్ది లాగడం చిన్నప్పుడు నేను చూశాను. మోచేతి దాకా నూనె రాసుకుని, పశువుతో ఏదో మాట్లాడుతూ లాగేది. మా వీధివాళ్ళు వాళ్ళ ఆవులకు కూడా పిలుచుకుపోయేవాళ్ళు. ఆ చేతులు ఆ రాత్రంతా మా ఇంట్లో, నా మంచం పక్కన, చాప మీద ఉన్నాయి.

అమ్మ ఫోన్లో అడిగింది రెండే మాటలు. "మాయ పడిందా? నీళ్ళు తాగిందా?" తర్వాత చీర మార్చుకుంది. నేనూ వస్తానన్నాను.

"కుట్లు పిగుల్తాయి. కదలద్దు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును. తిట్టినా, అలిగినా, ఒక రోజు నాతో మాట్లాడకపోయినా నాకు కాస్త ఊపిరాడేది. శుక్రవారం సాయంత్రం మళ్ళీ చీకటి పడకముందే వచ్చింది. శనివారం తెల్లారేసరికి మళ్ళీ పాలు పితకడానికి పోయింది. దూడ లేని ఆవు, అమ్మకు తప్ప పొదుగు ఇవ్వదు. మే నెల ఎండలో పొద్దునొక బస్సు, సాయంత్రమొక బస్సు. నీ ఇష్టం మా, అక్కడే ఉండిపో, నాకేం కాదులే అని శుక్రవారం చెప్పాను. ఎంత తొందరగా చెప్పాల్సిన మాట ఎంత ఆలస్యంగా చెప్పానో నాకు తెలుసు. అమ్మ తల ఊపింది, సాయంత్రానికి మళ్ళీ వచ్చింది.

శనివారం సాయంత్రం అమ్మ వచ్చేసరికి మా ఆయన ఇంట్లో ఉన్నాడు. మా మధ్య జరిగిందేమీ ఆయనకు తెలియదు. ఎండకు కమిలిన అమ్మ మొహం చూసి జాలిపడి అన్నాడు.

"ఈ తిరుగుడంతా ఎందుకత్తా? ఊళ్ళోనే ఉండాల్సింది. చాటింపు గీటింపు ఈ ఇంట్లో ఎవరు చూస్తారు? పోయినేడు జాతరలో నేను చెన్నైలోనే పడుకున్నా. ఇదే పంపించింది."

నేను నేల వైపు చూశాను. పలకల మధ్య గీతలు చూస్తూ ఉండిపోయాను. నా అబద్ధం ఇంత మామూలుగా, ఇంత ప్రేమగా బయటపడుతుందనుకోలేదు.

"నాకు తెలుసులేబ్బా," అంది అమ్మ, చెంగుతో మెడ తుడుచుకుంటూ. "పాప రమ్మనింది, వచ్చినా."

అంతే. ఆ మాట నన్ను పొడవడానికి అనలేదు. అల్లుడు అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గంగమ్మ పేరు చెప్పి నేను అమ్మను లాక్కొచ్చానని రెండు రోజులుగా కుమిలిపోతున్నాను. అమ్మ గంగమ్మకు భయపడి రాలేదు. అటు చూలు పెయ్య, ఇటు టీవీ ముందు కూర్చున్న నేను, ఇద్దరం పిలిచాం. ఎవరిది ఎంత నొప్పో తెలిసి కూడా నా దగ్గరికి వచ్చింది.

అమ్మ చేతిసంచీలోంచి స్టీలు క్యారియర్ తీసింది. మూత తీయగానే బెల్లం, మిరియాల వాసన గుప్పున వచ్చింది. జున్ను. నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. మా ఇంట్లో ఏ ఆవు ఈనినా మొదటి జున్ను నాకే. పెళ్ళయి తిరుపతికి వచ్చాక కూడా బస్సు మీద వచ్చేది.

"ముర్రుపాలు. దూడ లేదని పారబోస్తామా? తిను," అని పళ్ళెంలో ముక్క కోసి పెట్టింది. మళ్ళీ ఆగి, "డాక్టరమ్మ మీగడ వద్దనింది గదా. రోంతే తిను," అంది.

ఆ పాలు ఎవరు తాగాల్సినవో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. వద్దంటే అమ్మ మనసు ఇంకోసారి విరుగుతుంది. తిన్నాను. మెత్తగా, వెచ్చగా, ఎప్పటిలాగే బాగుంది. బాగుండటమే నాకు భరించరానిదైంది. ముక్కంతా తిన్నాను. ఇంకో ముక్క కూడా నేనే అడిగి పెట్టించుకుని తిన్నాను. చిక్కటి ముర్రుపాలు, అంత కొవ్వు, ఇంతకు ముందైతే గంటలో నన్ను నేల మీద పొర్లించేవి.

పళ్ళెం కడిగి, గోడకానుకుని కూర్చున్నాను. వీధిలో వేషాలవాళ్ళ డప్పులు దగ్గరికొచ్చి దూరమయ్యాయి. కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉన్నాను. గంట అయింది, ఇంకా అయింది. రావాల్సింది రాలేదు. అది వచ్చే చోటే తీసేశారని, ఇక ఏం తిన్నా, ఏం చేసినా అక్కణ్ణుంచి నాకు శిక్ష రాదని అప్పుడు అర్థమైంది.

అమ్మ వచ్చి నా పక్కనే కూర్చుంది. పొద్దున్నే మళ్ళీ బస్సుకు లేవాలి. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"నొప్పేమన్నా ఉండాదా పాపా?"

"లేదు మా," అన్నాను. ఆ వారంలో అమ్మకు నేను చెప్పిన మొదటి నిజం అదే.